కరవది పేరు తెలిసిన మనుషుల మధ్య: పాంటనాల్ ఫజెండాలో వారం రోజులు

జూన్ 19, గురువారం: గేట్ల దారి

బ్రెజిల్‌లో కాంపో గ్రాండె నుంచి కొరుంబా వైపు వెళ్లే బి.ఆర్.-262 రోడ్డు మీద, మిరండా ఊరు దాటాక బురాకో దస్ పిరానియాస్ అనే కూడలి వస్తుంది. అక్కడ తారు వదిలి ఉత్తరానికి తిరిగితే ఇక మట్టి కట్ట మీద ప్రయాణం. ఎస్ట్రాదా పార్కి అనే ఈ దారి సుమారు 120 కిలోమీటర్లు, దాని మీద డజన్ల కొద్దీ చెక్క వంతెనలు. వంతెన మీద చక్రాలు ఆనేచోట పొడవునా రెండు వరసల పలకలు పరిచి ఉంటాయి. పక్కన కూర్చున్నవారు దిగి ముందు నడిచి, పలక విరిగిందేమో, మేకు పైకి లేచిందేమో చూసి సైగ చేశాకే బండి ఎక్కించాలి. తొందరపడిన చోటే టైర్లు పోతాయి.

పాంటనాల్ అంటే వానాకాలంలో నీట మునిగి, ఎండాకాలంలో పచ్చిక బయలుగా మారే మైదానం. బ్రెజిల్ వైపు ఉన్న భాగమే దాదాపు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. అందులో తొంభై శాతానికి పైగా సొంత భూములే, ఎక్కువ భాగం ఫజెండాలే, అంటే పశువులను పెంచే పెద్ద పొలాలే. నేల వాలు కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి నీరు పారుతున్నట్టు కూడా తెలియదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎగువన పడ్డ వాన దక్షిణానికి చేరేసరికి నెలలు పడుతుంది. ఫోన్‌లోని మ్యాపు ఇక్కడ పనికిరానిది ఇందుకే. అది చూపించిన అడ్డదారి పట్టుకుని రెండు కిలోమీటర్లు పోయాక ఎదురైంది వజాంతి, అంటే పోయిన వరద నీరు నెమ్మదిగా వెళ్లిపోయే పల్లపు తోవ. పైన గడ్డి నిలబడి ఉంది, కింద మోకాలి లోతు నీళ్లు. ఇలాంటి చోట బండి తిప్పుకోవడానికి పక్కకు పోతే దిగబడుతుంది. వచ్చిన గాళ్ల మీదే వెనక్కి నడిపించుకుని రావాలి.

మెయిన్ రోడ్డు నుంచి మేం అతిథులుగా దిగబోయే ఫజెండా ఇంటి దాకా పద్నాలుగు గేట్లు లెక్కకొచ్చాయి. కొన్ని చెక్కవి, వాటిని పోర్తేయిరా అంటారు. కొన్ని ఒట్టి తీగలకు కర్రలు కట్టినవి, అవి కొల్షేతి. తీగ గేటును తీయాలంటే చివరి కర్రను భుజంతో స్తంభం వైపు నొక్కి, పైనున్న తీగ ఉంగరాన్ని తప్పించి, తర్వాత కర్ర అడుగును కింది ఉంగరంలోంచి ఎత్తాలి. మూసేటప్పుడు ముందు అడుగు, తర్వాత పైభాగం. పద్ధతి ఒకటే: మూసి ఉన్న గేటు మూయాలి, తెరిచి ఉన్న గేటు తెరిచే వదలాలి. తెరిచి ఉంచింది గొడ్లు నీళ్లకు పోవడానికి. అది తెలియక మర్యాదగా మూసేస్తే అవతల మంద దాహంతో నిలబడిపోతుంది.

ఇంటి ముందు దిగి మెట్లెక్కకూడదు. కంచె దగ్గరే నిలబడి చప్పట్లు కొట్టి "ఓ డి కాజా" అని పిలవాలి, అంటే ఇంట్లో ఎవరండీ అని. లోపలివాళ్లు బయటికి వచ్చి రమ్మన్నాక వెళ్లాలి. కుక్కలకీ ఈ పద్ధతి తెలుసు. చప్పట్లు విన్నాక అవి మొరగడం తగ్గించాయి.

జూన్ 20, శుక్రవారం: జీను, గుర్రం, తెల్లని మంద

ఇక్కడి గుర్రం పొట్టిగా, గట్టి గిట్టలతో ఉంటుంది. పేరు పాంటనేయిరు. నెలల తరబడి నీళ్లలో నిలబడ్డా గిట్ట మెత్తబడదు, మూతి నీళ్లలో ముంచి గడ్డి మేస్తుంది. 1972లో పోకోనె ఊళ్లో ఈ జాతి పెంపకందారుల సంఘం ఏర్పడింది. వేరే ప్రాంతపు గుర్రాన్ని తెస్తే మొదటి వరదకే గిట్టలు పాడవుతాయని కపతాజ్, అంటే మేస్త్రీ లాంటి పెద్ద పనివాడు, ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

జీను కట్టే వరస ఇది. ముందు గుర్రం వీపు చేత్తో తడిమి ముళ్లు, ఎండిన మట్టి లేకుండా చూడాలి. దాని మీద నేసిన మందపాటి గుడ్డ, బైషేయిరు. అది మెడ వైపు కాస్త ముందుకు వేసి వెనక్కి లాగితే వెంట్రుకలు సరైన దిక్కుకు పడుకుంటాయి. వెనక నుంచి ముందుకు తోస్తే వెంట్రుకలు ఎదురు తిరిగి పుండు పడుతుంది. ఆ తర్వాత జీను, పొట్ట పట్టీ, దాని పైన గొర్రెతోలు. గొర్రెతోలు సుఖం కోసం అనుకుంటాం. ఆరేడు గంటలు కూర్చునేవారికి అది లేకపోతే తొడల తోలు ఊడుతుంది. పట్టీ ఒకేసారి బిగించకూడదు. కట్టేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది. పది అడుగులు నడిపించి మళ్లీ బిగించాలి. ఎక్కాక పావుగంటకు మూడోసారి చూసుకోవాలి. కొత్తవారు పడిపోయేది ఎక్కువగా ఈ మూడో బిగింపు మరిచినప్పుడే, జీను పక్కకు తిరిగి. రికాబులో పాదం ముందుభాగమే ఉండాలి. మడమ దాకా దూర్చితే పడ్డప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది.

పొద్దు వాలుతుండగా మంద కనిపించింది. ఒంగోలు ప్రాంతంలో పుట్టి పెరిగిన ఎవరికైనా గుండె ఒక్క క్షణం ఆగే దృశ్యం. పాలరాతి తెలుపు, తెలుపు కింద నల్లని చర్మం, ఎత్తయిన మూపురం, మడతలు పడ్డ గంగడోలు, మొనదేలిన పొట్టి చెవులు, కాటుక పెట్టినట్టు కళ్ల చుట్టూ నలుపు. ఆంబోతుకు మెడ, మూపురం బూడిద రంగు. ఇక్కడ వీటిని నెలోరి అంటారు. మాట నెల్లూరే. తెల్లదొరల కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు పోయింది. ఓడలెక్కిన గొడ్లకు మాత్రం పాత జిల్లా పేరే మిగిలింది.

1868లో ఇంగ్లండు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సల్వదోర్ రేవులో ఆగినప్పుడు ఒక జతను అమ్మారని జాతి చరిత్ర మొదలుపెడతారు. 1878లో లెంగ్రూబర్ అనే ఆయన జర్మనీలోని హాంబర్గు జంతుశాల నుంచి మరికొన్ని తెప్పించాడు. ఇప్పుడున్న మందల్లో మేలైన నెత్తురు చాలావరకు 1960ల మొదట్లో వచ్చిన దిగుమతులది. వాటిలో పేరు మోసిన ఆంబోతు కర్వాది. ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరే దానికి పెట్టారు. ఆ ఊరు ఎక్కడుంటుందని కపతాజ్ అడిగితే ఒంగోలుకు కూతవేటు దూరమని చెప్పాల్సి వచ్చింది. ఒంగోలు ఎక్కడని మళ్లీ అడిగాడు. నేల మీద పుల్లతో సముద్రతీరం గీసి చూపిస్తే టోపీ తీసి చాలాసేపు ఆ గీత వైపు చూశాడు.

పేరు ఒకటే అయినా వందేళ్ల ఎంపిక వేరు. మన రైతు కాలి పొడవు, నడక, కాడి కింద మెడ బలం చూసుకున్నాడు. ఇప్పటికీ బండలాగుడు పోటీల్లో చూసేది అదే. ఇక్కడ చూసేది వీపు పొడవు, తొడల కండ, ఎంత త్వరగా బరువు పెరుగుతుందన్నది. దాంతో కాళ్లు కాస్త పొట్టివయ్యాయి, పిరుదులు నిండాయి. ముకుతాడు లేదు, గాటిపాట లేదు, పిలిచే పేరు లేదు. ఏడాదిలో రెండు మూడుసార్లు మాత్రమే మనిషి చేయి పడుతుంది. కాబట్టి ఒంగోలు ఆవు దగ్గరికి వెళ్లినట్టు గంగడోలు నిమరబోతే ప్రమాదం.

జూన్ 21, శనివారం: మంద తోలకం

నాలుగు గంటలకే కాఫీ, దాని వెంట కెబ్రా-తోర్తు. పొలానికి పోయేముందు తినే బరువైన చద్ది ఇది: ఎండు మాంసం కలిపిన అన్నం, వేయించిన గుడ్లు, ఉడికించిన కర్రపెండలం. మధ్యాహ్నం దాకా ఇంకేమీ దొరకదు కాబట్టి మొహమాటపడకుండా తినాలి.

మాంసం తినని వారు మొదటి రోజే వంటమనిషితో విడమరిచి చెప్పుకోవాలి. "సెం కార్ని" అంటే మాంసం లేకుండా అని అర్థమే కానీ, ఇక్కడ కార్ని అంటే ఎక్కువమందికి గొడ్డుమాంసమే. కోడి పెట్టి సరిపోయిందనుకుంటారు. కోడి, పంది, చేప, పంది కొవ్వు అని పేరు పేరునా వద్దనాలి. చిక్కుడు గింజల కూరలో పంది ముక్క వేయడం మామూలు. విడిగా ఒక గిన్నె తీయించుకుంటే అన్నం, గింజల కూర, వేయించిన కర్రపెండలం పిండి, ఆకుకూర, గుడ్డుతో వారం హాయిగా గడుస్తుంది. సోపా పరాగ్వాయా అని ఒకటి పెడతారు. పేరుకు సూపే గానీ ముక్కలుగా కోసుకు తినే మొక్కజొన్న, జున్ను, ఉల్లిపాయల రొట్టె. ఆవకాయతో దానికి బాగా కుదిరింది.

తోలకంలో ఎవరి చోటు వారిదే. ముందు నడిచేవాడు పొంతేయిరు. పొడవాటి కొమ్ముబూర ఊదుతాడు, దాని పేరు బెహాంతి. గొడ్లు ఆ శబ్దం వెంట నడుస్తాయి. ఇరువైపులా ఇద్దరేసి. వెనక కులాత్రా, అంటే తోక. అతిథులను వెనకే ఉంచుతారు. దుమ్ము ఎక్కువ, పని తక్కువని కొందరు చిన్నబుచ్చుకుంటారు. నిజానికి దూడలూ కుంటివీ ముసలివీ చేరేది అక్కడికే. మంద ఎంత వేగంగా నడవాలో తేల్చేది ఆ తోకే. దూర ప్రయాణాల్లో రోజుకు పదిహేను ఇరవై కిలోమీటర్లకు మించి నడపరు. వేడెక్కిన ఆవు బరువు కోల్పోతుంది, దూడ తల్లిని తప్పుతుంది.

ఎలా తోలాలన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రతి పశువు చుట్టూ కనపడని వలయం ఉంటుంది. దాని అంచు తాకితే నడుస్తుంది, లోపలికి చొరబడితే పరిగెడుతుంది లేదా తిరగబడుతుంది. నెలోరికి ఈ వలయం పెద్దది, ఎందుకంటే మనుషులను తక్కువ చూస్తుంది. జబ్బ దగ్గర ఒక హద్దు ఉంది. దానికి వెనకగా కదిలితే పశువు ముందుకు పోతుంది, దాటి ముందుకొస్తే ఆగి వెనక్కి తిరుగుతుంది. కదిలిన వెంటనే మనం ఒక అడుగు తగ్గాలి. తగ్గకపోతే తను చేసింది సరైనదని దానికి తెలియదు. కొత్తవారు చేసే తప్పు నేరుగా తోక వెనక నడపడం. సరిగ్గా వెనక దానికి చూపు ఆనదు. మనల్ని చూడ్డానికి తల తిప్పుతుంది, తల తిరిగిన వైపే ఒళ్లు తిరుగుతుంది, దాని వెంట పది తిరుగుతాయి. కొంచెం ఏటవాలుగా, ఒక కంటికి కనిపిస్తూ ఉండాలి. అరుపులు అక్కర్లేదు.

ఒకటి విడిపోయి పొదల్లోకి దూకితే అతిథి దాని వెంట పడకూడదు. గుర్రానికి పని తెలుసు కాబట్టి అది కూడా దూకుతుంది. నేల మీద అర్మడిల్లో అనే జంతువు తవ్విన గుంటలు, తల ఎత్తున ముళ్ల కొమ్మలు. తప్పిపోయిన వాటిని తర్వాత వేరుగా వెళ్లి తెచ్చుకుంటారు, దానికి అహిబాదా అని ప్రత్యేకంగా పేరే ఉంది.

దారిలో ఒక కోరిషు దాటాలి, పల్లపు కాలువ లాంటిది. మందను ముందే ఒడ్డున నిలిపి నీళ్లు తాగనిచ్చారు. దాహంతో దింపితే నడి నీళ్లలో ఆగి తాగుతాయి, వెనకవి ఎక్కి తొక్కేస్తాయి. ఆపైన సినువేలు అనే మచ్చికైన ఎద్దులను రెండింటిని ముందు దింపారు. అవి అవతల ఎక్కుతుంటే మిగతావి కదిలాయి. దూడలను ప్రవాహానికి ఎగువ వైపు ఉంచారు. కొట్టుకుపోయినా తల్లుల ఒంటికి ఆనుతాయి. కొరికే పిరానియా చేపల భయం కథల్లో ఉన్నంత లేదు. పచ్చి పుండు ఉన్నదాన్ని మాత్రం నీళ్లలోకి దింపరు. మందను కాపాడ్డానికి ఒకదాన్ని బలిపెట్టడాన్ని పిరానియా ఎద్దు అంటారు ఈ దేశంలో. నుడికారం ఇక్కడి కాలువలదే.

జూన్ 22, ఆదివారం: పాలు, బొడ్డు, ఉప్పు

దొడ్డి పక్క పచ్చికలో మందకు విశ్రాంతి. ఇంటి అవసరానికి ఐదారు ఆవులను మాత్రం పితుకుతారు. దూడను వదిలి నాలుగు గుక్కలు కుడవనిచ్చి, చేపు రాగానే లాగి తల్లి ముందుకాలికి కట్టేసి, వెనక కాళ్లకు బందం వేసి పితకడం. దాన్ని చూపించడానికి పిలిచిన పనివాడికి, ఇదే పద్ధతి ఇదే వరసలో కృష్ణా అవతల ఊళ్లలో ఉందని చెబితే నమ్మలేదు. పొదుగు కింద కూర్చుని రెండు చెంబులు పితికాక నమ్మాడు.

ఈతలు ఎక్కువగా జూలై నుంచి డిసెంబరు దాకా. ముందుగా ఈనినవి నాలుగు ఉన్నాయి. దూడ పుట్టిన మొదటి రోజే పట్టుకోవాలి, మూడో రోజుకు మనిషికి చిక్కదు. బొడ్డుతాడు రెండు వేళ్ల పొడవు ఉంచి కోసి, గాఢమైన అయోడిన్‌లో ముంచి, చుట్టూ వెండిరంగు మందు కొడతారు. ఎందుకంటే ఇక్కడ ఒక ఈగ ఉంది, దాని పురుగు బతికున్న కండనే తింటుంది. తడి బొడ్డు దానికి మొదటి గుమ్మం. రెండు రోజులు చూడకపోతే దూడ పోతుంది. పుండుకు పట్టిన ఈ పురుగును బిషేయిరా అంటారు, గుర్రం మీద తిరిగే ప్రతివాడి జేబులోనూ దాని మందు ఉంటుంది. ఆ సమయంలో ఒకరు దూడను పడుకోబెడితే ఇంకొకరు గుర్రం మీదే ఉండి తల్లికి అడ్డంగా నిలబడతారు. నెలోరి తల్లి వదలదు. అతిథి గుర్రం దిగకూడదు, ఫోటో కోసం అసలే దిగకూడదు.

సాయంత్రం ఉప్పు తొట్ల దగ్గరికి నడక. ఒట్టి ఉప్పు కాదు, భాస్వరం కలిపింది. ఈ నేలలో, గడ్డిలో భాస్వరం తక్కువ. అది చాలని ఆవు బయట పడి ఉన్న ఎముకలు నములుతుంది. కుళ్లిన ఎముకలో బొటులిజం విషం ఉంటే కాళ్లు పడిపోయి చనిపోతుంది. అందుకే తొట్టి ఖాళీగా ఉండకూడదు, చచ్చిన పశువును పచ్చికలో వదలకూడదు. తొట్టికి కప్పు కూడా అందుకే: వానకు తడిస్తే ఉప్పు గడ్డకట్టి గొడ్లు నాకవు. మూపురం ఎత్తుకు తగలకుండా కప్పు వేయడం మరిచిపోయిన తొట్టి ఒకటి పక్కన విరిగి పడి ఉంది.

దారి పొడవునా పేడలో అకూరి తాటి గింజలు. ఆవు పండు మింగి గుజ్జు అరిగించుకుని గింజ వదులుతుంది. నీలి అరారా చిలుకలు నేల మీదకు దిగి ఆ శుభ్రపడ్డ గింజలను ఏరుకుని పగలగొట్టుకుంటాయి. ఒక చెట్టు కింద పదకొండు చిలుకలు, చుట్టూ ఆవులు, ఎవరినీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ నీలం రంగు చెప్పడానికి నెమలికంఠం తప్ప వేరే పోలిక తోచలేదు.

జూన్ 23, సోమవారం: దొడ్డి పని

ఇది అసలు రోజు. ఎత్తయిన పలకల కంచెతో గదులు గదులుగా ఉండే దొడ్డి, గదుల నుంచి సన్నని సందు, సందు చివర మన పశువుల ఆసుపత్రుల ముందుండే ట్రెవిస్‌కు పెద్దన్న లాంటి బిగింపు యంత్రం. మొదటి పని తల్లులనూ దూడలనూ విడదీయడం. తిరుగుడు గేటు దగ్గర ఒక్క మనిషి నిలబడి, వచ్చేదాన్ని చూసి అటో ఇటో తోస్తాడు. ఆ గేటు మనిషితో మాట్లాడకూడదు.

సందులో వరసగా జరిగేవి: జబ్బవాపు తరహా రోగాలకు టీకా, మొదటిసారి వేసుకుంటున్న దూడకు నాలుగు వారాలకు మళ్లీ ఒకటి. రేబిస్ టీకా, ఎందుకంటే ఇక్కడ నెత్తురు తాగే గబ్బిలాలు రాత్రి గొడ్ల మీద వాలి రోగం అంటిస్తాయి. మూడు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్ టీకా. గాలికుంటు టీకా మాత్రం లేదు. దేశమంతా టీకా ఆపేశాక, 2025 మే నెలాఖరులో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ బ్రెజిల్‌ను టీకా లేకుండానే గాలికుంటు లేని దేశంగా గుర్తించింది. గాలికుంటు ఉన్న దేశం నుంచి వచ్చేవారిగా మనకు ఇందులో బాధ్యత ఉంది. ఇంటి దగ్గర గొడ్లపాకలో తొడిగిన చెప్పులూ బట్టలూ తేకూడదు. కొత్తవి లేదా బాగా ఉతికినవి వేసుకోవాలి.

టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. సీసాతోపాటు పిచికారీని కూడా ప్రతి విరామంలో ఐసు పెట్టెలో పెట్టాలి. ఎండలో పలక మీద పెట్టిన పిచికారీలో మిగిలిన మందు పనిచేయదు, ఆ నష్టం కంటికి కనపడదు. సూది మెడ పక్కన చర్మం కిందే. తొడకు వేస్తే గడ్డకట్టి చీము పడుతుంది. పది పశువులకొకసారి సూది మార్చారు. ఈసుడు రోగం టీకాలో బతికున్న క్రిమి ఉంటుంది, గుచ్చుకుంటే మనిషికి జబ్బు. శిక్షణ ఉన్నవాళ్లే వేయాలి. అతిథులు సాయం చేస్తామన్నా ఆ పిచికారీ చేతికివ్వరు, అడగకూడదు కూడా. ఆ టీకా వేసిన పెయ్యకు ఎడమ చెంప మీద ఆ ఏడాది చివరి అంకె ముద్ర.

ముద్ర వేయడం చూడలేనివారు ఆ సమయానికి ఇంట్లో ఉండిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఇనుము ఎర్రగా మండుతుంటే వాడరు, మసక బూడిదరంగుకు దిగాక వాడతారు. మూడు నాలుగు సెకన్లు కదలకుండా. తీశాక చోటు కొత్త చెప్పుల తోలు రంగులో ఉంటే సరిగ్గా పడినట్టు. తడి ఒంటి మీద వేస్తే ఆవిరికి చుట్టూ ఉడికి ముద్ర అలుక్కుపోతుంది. ఎక్కడపడితే అక్కడ వేయడానికి వీల్లేదు. 1965 నాటి చట్టం ముఖం, మెడ, ముందుకాలి మోచేతి కీలును వెనక కాలి మోకాలి కీలుతో కలిపే గీతకు దిగువ భాగాలనే అనుమతిస్తుంది, ముద్ర 11 సెంటీమీటర్ల వలయంలో ఇమడాలి. తోలు పాడవకుండా పెట్టిన నియమం.

అతిథులు చేయగలిగిన పని ఉంది: చెవి పోగు నంబరు, బరువు పుస్తకంలో రాయడం. ఒక అంకె తప్పితే ఏడాది లెక్క తప్పుతుంది కాబట్టి నంబరును గట్టిగా తిరిగి చదివి వినిపించాలి. పలకల మధ్య చేయి పెట్టకూడదు. పశువు ఒక్కసారి వెనక్కి తన్నుకుంటే మోచేయి విరుగుతుంది. సందు ముందు నిలబడకూడదు, మనిషి కనిపిస్తే పశువు ఆగిపోతుంది. కర్రల బదులు చిన్న జెండాలు వాడారు. ఆరున్నరకు మొదలుపెట్టి మధ్యాహ్నానికి రెండు వందల పైచిలుకు దాటాయి. మగ దూడలు సగటున 170 కిలోలు తూగాయి. ఇక్కడ బేరం మాత్రం అహోబాల్లో, ఒక అహోబా అంటే మాంసం లెక్కన 15 కిలోలు.

సాయంత్రం సావ్ జువావ్, అంటే సెయింట్ జాన్ పండుగ. కొరుంబాలో ఈ రాత్రి స్వామి బొమ్మను ఊరేగించి పరాగ్వాయ్ నదిలో స్నానం చేయిస్తారు. ఫజెండాలో నెగడు, మొక్కజొన్న వంటకాలు, పాత రేడియో. మన వైపు నుంచి పంచదానికి సంచిలో మిగిలింది బెల్లం అచ్చు. వాళ్ల బెల్లం హపదూరా పక్కన పెట్టి చూస్తే రంగు కాస్త ముదురు, అంతే.

రాత్రంతా కంచెకు ఆ పక్క తల్లులు, ఈ పక్క దూడలు. ఆ అరుపులకు నిద్ర పట్టదు. చెవుల్లో దూది పెట్టుకోమని వంటామె ముందే ఇచ్చి వెళ్లింది.

జూన్ 24, మంగళవారం: దక్షిణపు గాలి

పొద్దున ముప్పై డిగ్రీల నుంచి రాత్రికి పది కిందకి. దక్షిణం నుంచి వచ్చే ఈ చలిగాలిని ఫ్రియాజెం అంటారు. బ్రెజిల్ కదా, ఎండే ఉంటుందని స్వెటరు లేకుండా వచ్చేవారు ఒణుకుతారు. ఒక మందపాటి స్వెటరు, గాలి చొరని కోటు ఉండాలి. చలికి చిక్కిన ముసలి ఆవులను చెట్లున్న కోర్జిల్యేయిరాకు తోలారు. మాటకు అర్థం కొండల వరస. ఎత్తు ఒకటి రెండు మీటర్లే, వరదలో గొడ్లకు మిగిలే పొడి నేల అదే.

ఈ చలిలోనూ తెరెరే ఆగలేదు. టీ ఆకు లాంటి మాతె ఆకును ఐసు నీళ్లతో తాగడం ఇది. ఎద్దు కొమ్ములో మూడింట రెండు వంతులు ఆకు పోసి, ఒక పక్కకు ఒరిగించి, లోహపు గొట్టం గుచ్చి, నీళ్లు పోసేది ఒక్కరే. అందరూ అదే గొట్టంతో తాగాలి. ఎంగిలి పట్టింపు ఉన్నవారు మొదటే నవ్వుతూ వద్దనడం మేలు, తాగి తుడిస్తే అవమానం. గొట్టం కదపకూడదు. బుడబుడ శబ్దం వచ్చేదాకా తాగి పోసినవారికే ఇవ్వాలి. ఇస్తూ అలవాటుగా థాంక్స్ చెబితే, ఇక చాలన్న అర్థం. మరి మీ వంతు రాదు.

చిరుతపులిలాంటి ఒన్సా అడుగులు దొడ్డికి అర కిలోమీటరులో ఉన్నాయి. ఏడాదికి కొన్ని దూడలు దానికి పోతాయి. ఈనే ఆవులను ఇంటికి దగ్గర పచ్చికలో ఉంచడం, విద్యుత్ తీగ వేయడం, మందలో గేదెలను కలపడం లాంటివి చేస్తున్నారు. దాన్ని చూడ్డానికే అతిథులు డబ్బిచ్చి వస్తారు కాబట్టి ఆ లెక్కలో కొంత నష్టం పూడుతుంది.

జూన్ 25, బుధవారం: లారీ

తెల్లవారకముందే లారీ వచ్చింది. ఈ దూడలు మిట్ట ప్రాంతపు పచ్చికలకు పోతాయి, అక్కడ మేసి కండ పట్టాక మాంసానికి. ఇక్కడి నేల ఒక ఆవుకు మూడు నాలుగు హెక్టార్లు అడుగుతుంది, లావెక్కించే బలం దీనికి లేదు. ఆ సంగతి ఎవరూ దాచరు. మన ఊళ్లో మూపురానికి పసుపు రాసిన చేతులతో ఇక్కడికి వచ్చేవారు ఇది తెలిసే రావాలి. ఇక్కడి వాళ్లు మూపురాన్నే కుపీం అని కాల్చుకుని తింటారు. బాధ కలిగింది. పనివాళ్ల చేతుల్లో ఆ దూడలకు దెబ్బ తగలలేదన్నదీ చూశాం.

ఎక్కించే వాలుబల్ల మీద అడ్డంగా చెక్క మెట్లు, జారకుండా ఇసుక. డ్రైవరు రవాణా పత్రం, ముద్ర, తలల లెక్క సరిచూసుకున్నాకే తలుపు వేశాడు. పత్రంలో ఒక్క తల తేడా ఉన్నా చెక్‌పోస్టు దాటదు.

డబ్బు సంగతి: ఇలా పని జరిగే మధ్యరకం ఫజెండాల్లో భోజనం, గుర్రం కలిపి 2025లో మనిషికి రోజుకు 600 నుంచి 1,200 రియాల్ ఉండేది. అప్పట్లో రియాల్ మన 15 రూపాయలకు కాస్త పైన. లోపలికి జీపు ప్రయాణం వేరుగా లెక్క, ముందే అడగాలి. సిగ్నల్ లేనిచోట కార్డు యంత్రం పనిచేయదు, నోట్లు ఉంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం పసుపు జ్వరం టీకా. బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో ఉంచుతారు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐ.పి.ఎం.)లో వేస్తారు.

బయల్దేరేసరికి తల్లులు ఇంకా కంచె దగ్గరే ఉన్నాయి, గొంతులు బొంగురుపోయి. మూడో రోజుకు మేతకు మళ్లుతాయని కపతాజ్ చెప్పాడు. జీపు వెంట మొదటి గేటు దాకా గుర్రం మీద వచ్చి, పుల్లతో గీసిన తీరం గుర్తు చేస్తూ కరవది అన్న మాటను మరోసారి పలికించుకున్నాడు. 'ర' దగ్గర నాలుక తిరగలేదు. మూడోసారికి వచ్చింది. గేటు వచ్చేటప్పుడు మూసి ఉంది, మూసే వచ్చాం.